సొంతంగా లాటిన్ ఆల్ట్-పాప్: పాట రాయడం దగ్గర్నుంచి డబ్బు చేతికి వచ్చేదాకా

లాటిన్ ఆల్ట్-పాప్ అంటే లాటిన్ అమెరికా సంగీతాన్ని కలుపుకుని, మామూలు పాప్‌కి కాస్త భిన్నంగా కట్టే పాటలు. అలా స్పానిష్‌లో సొంతంగా పాటలు రాసుకుని, వెనకాల పెద్ద కంపెనీ ఏదీ లేకుండా, పాడుకుంటూ బతకొచ్చా అంటే బతకొచ్చు. కార్లా మారిసన్‌ని చూడండి. మెక్సికోలో అమెరికా సరిహద్దుకి ఆనుకుని ఉండే తెకాతే అనే చిన్న ఊరు ఆమెది. 2009లో ఒక ఈపీ (ఆల్బమ్ కన్నా చిన్న పాటల గుత్తి) సొంతంగా వదిలింది, మరుసటి ఏడాది వచ్చిన రెండో ఈపీకి మెక్సికో గాయని నతాలియా లఫుర్కాదే ప్రొడ్యూసర్‌గా చేసింది, 2012 వచ్చేసరికి లాటిన్ గ్రామీల్లో ఆల్టర్నేటివ్ ఆల్బమ్‌కి ఒకటి, ఆల్టర్నేటివ్ పాటకి ఒకటి, రెండు అవార్డులు ఇంటికి తీసుకెళ్లింది. మెక్సికో నుంచి వలస వచ్చిన దంపతులకి అమెరికాలో ఇండియానాలో పుట్టిన ఒమర్ అపోలో అయితే 2017లో మొదటి పాట స్పాటిఫైలో పెట్టడానికి స్నేహితుడి దగ్గర 30 డాలర్లు అప్పు తీసుకున్నాడు.

ఇలాంటి కథలు వింటే హుషారు వస్తుంది, నాకూ వస్తుంది. కానీ ఆ 30 డాలర్లకీ, పాటలతోనే ఇంటద్దె కట్టుకునే రోజుకీ మధ్య చేయాల్సిన పని చాలా ఉంది, అందులో సగం గిటార్‌తో సంబంధం లేని పని. మీరు మెక్సికో సిటీలో ఉన్నా, బొగోటాలో ఉన్నా, లాస్ ఏంజెలెస్‌లో వలస కుటుంబంలో పెరిగినా, ముందు ఒక్కటి పట్టుకోండి: మీ పాట మీద హక్కు మీ పేరున ఉండాలి, ఉన్నట్టు కాగితం ఉండాలి. మిగతావన్నీ తర్వాతైనా నేర్చుకోవచ్చు.

మొదట పాట

ఇంగ్లిష్ ఇండీ పాప్ ట్రాక్ ఒకటి తీసుకుని దాని మీద స్పానిష్ మాటలు అతికిస్తే లాటిన్ ఆల్ట్-పాప్ అయిపోదు. ఈ రంగంలో గుర్తుండిపోయినవాళ్లు ఎవరిని తీసుకున్నా, కింద ఏదో ఒక పాత వేరు కనిపిస్తుంది: నెమ్మదిగా సాగే ప్రేమపాట బొలేరో, కొలంబియా నృత్య సంగీతం కుంబియా, మెక్సికో పల్లెపాట రాంచేరా, మెక్సికోలోనే వెరాక్రూస్ వైపు జానపదం సోన్ హరోచో. సిల్వానా ఎస్త్రాదా ఆ వెరాక్రూస్ ప్రాంతం నుంచే వచ్చింది, వాళ్ల అమ్మానాన్నలు తీగ వాయిద్యాలు తయారు చేసేవాళ్లు, ఆమె చేతిలో ఉండేది మాత్రం వెనిజులా నాలుగు తీగల కువాత్రో. చిలీలో పుట్టి 2007లో మెక్సికో చేరిన మోన్ లఫెర్తే గొంతులో బొలేరో ఎంత ఉందో విన్న మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. మీ ఇంట్లో అమ్మమ్మ ఏం పాడేదో, పక్కింటి పెళ్లిలో ఏం మోగేదో అక్కడి నుంచి మొదలుపెట్టండి, సింథ్‌లూ డ్రమ్ మెషీన్లూ ఆ తర్వాత.

సాహిత్యం దగ్గర ఒక విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లిష్‌లో రాసి అలవాటైనవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. స్పానిష్‌లో దాదాపు ప్రతి మాటలోనూ ఒక అక్షరం మీద ఊనిక పడుతుంది, అది మారితే అర్థమే మారిపోవచ్చు. ‘కాంతో’లో మొదటి అక్షరం ఒత్తితే ‘నేను పాడతాను’, రెండోది ఒత్తితే ‘అతను పాడాడు’. కాబట్టి బలమైన బీట్ ఎక్కడ పడుతుందో అక్కడే ఆ ఊనిక కూడా పడాలి, లేకపోతే మాటలు సరిగ్గానే ఉన్నా వినేవాళ్లకి ఎక్కడో తేడా కొడుతుంది. ఇంకోటి, పక్కపక్కన వచ్చిన అచ్చులు పాడేటప్పుడు కలిసిపోతాయి. ‘మి ఆమోర్’ రాతలో మూడు అక్షరాలు, పాటలో ‘మ్యామోర్’ అని రెండే, అచ్చం మన సంధిలాగే. లైను రాశాక ట్యూన్ లేకుండా, చేత్తో తాళం వేస్తూ మామూలుగా చదవండి. నాలుక ఎక్కడ తట్టుకుంటే అక్కడ మాట మార్చండి, ట్యూన్‌ని మాత్రం వెంటనే మార్చకండి.

యాసని కూడా దాచుకోకండి. అర్జెంటీనావాళ్లు ‘నువ్వు’కి ‘వోస్’ అంటారు, మెక్సికోలో ‘తూ’ అంటారు. అందరికీ అర్థం కావాలని ఊరూపేరూ లేని స్పానిష్‌లో రాస్తే అది ఎవరి పాటా కాకుండా పోతుంది. ఇంట్లో ఇంగ్లిష్, స్పానిష్ కలిపి మాట్లాడుకునే కుటుంబమైతే పాటలోనూ కలపండి. కాలిఫోర్నియాలోని హాథోర్న్ కుర్రాడు కూకో అలాగే రెండు భాషల్లో తన గదిలో పాటలు కట్టి, పెద్ద లేబుల్‌తో, అంటే పాటల కంపెనీతో, సంతకం చేయకముందే హాళ్లు నింపాడు.

రికార్డింగ్ గురించి ఎక్కువ చెప్పను. ఇంట్లోనే ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), మంచి మైకు, దుప్పట్లు కట్టిన మూల సరిపోతాయి. ఉన్న డబ్బు మిక్సింగ్‌కీ (గొంతునీ వాయిద్యాలనీ సరిగ్గా కలపడం), మాస్టరింగ్‌కీ (చివరి మెరుగు) పెట్టండి. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు: మిక్స్ అయిపోయిన రోజే గొంతు లేని ఇన్‌స్ట్రుమెంటల్ వెర్షన్, విడివిడి స్టెమ్స్ (గొంతు, డ్రమ్స్ లాంటివి వేరువేరు ఫైళ్లుగా) కూడా తీసుకుని దాచుకోండి. రెండేళ్ల తర్వాత ఏదో సీరియల్‌వాళ్లు మీ పాట అడిగి, డైలాగుల కింద వేసుకోవడానికి ఇన్‌స్ట్రుమెంటల్ రేపటికల్లా పంపమంటే, అప్పటికి ఆ ఇంజినీరు ఎక్కడున్నాడో తెలియని పరిస్థితి రాకూడదు.

కాగితాల పని, అసలు పని

ఒక పాటలో రెండు ఆస్తులు ఉంటాయి. మాటలూ ట్యూనూ కలిపి ఒకటి, దాన్ని కంపోజిషన్ అంటారు. ఆ పాటని పాడి రికార్డు చేసిన ఫైలు రెండోది, దాన్ని మాస్టర్ అంటారు. రెండిటికీ డబ్బు వేరువేరు దారుల్లో వస్తుంది, వేరువేరు సంస్థల చేతుల మీదుగా వస్తుంది. మీ పాటని స్పాటిఫై లాంటి చోట్లకి చేర్చే డిస్ట్రిబ్యూటర్ మీకు పంపేది మాస్టర్ డబ్బు. కంపోజిషన్ డబ్బుకి మీరు వేరే పేరు నమోదు చేసుకోకపోతే అది ఎక్కడో ఆగిపోతుంది, మీకు ఫోన్ చేసి ఎవరూ చెప్పరు.

అందుకే ఇద్దరు కలిసి పాట రాసిన రోజే, ఆ గదిలోంచి బయటికి రాకముందే, స్ప్లిట్ షీట్, అంటే వాటాల కాగితం, రాసుకోండి. ఒక పేజీ చాలు. పైన పాట పేరు, తేదీ. కింద రాసిన ప్రతి ఒక్కరి అసలు పేరు (స్టేజి పేరు కాదు, గుర్తింపు కార్డులో ఉన్న పేరు), ఏ రచయితల సంఘంలో సభ్యులో (వాటి గురించి కింద చెప్తాను), వాళ్ల ఐపీఐ నంబరు (రచయితని గుర్తుపట్టే అంతర్జాతీయ నంబరు), ఎవరికి ఎంత శాతమో. కూడితే సరిగ్గా 100 రావాలి. అందరి సంతకాలూ పెట్టించి ఫోటో తీసి అందరికీ పంపండి. మాస్టర్ ఎవరిదో, ప్రొడ్యూసర్‌కి అందులో వాటా ఉందా లేక రొక్కం తీసుకుని సరిపెట్టుకున్నాడా అన్నది విడిగా ఇంకో కాగితం మీద. స్నేహితుల మధ్య కాగితాలేంటి అని మొహమాటపడేవాళ్లే ఎక్కువ. పాటకి డబ్బు రాకముందు అందరూ ఉదారంగానే ఉంటారు, శాతాలు మాట్లాడుకోవడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు.

తర్వాత సభ్యత్వం. మెక్సికోలో ఉంటే 1945 నుంచి ఉన్న రచయితల, స్వరకర్తల సంఘం ఎస్ఏసీఎం, చిలీలో ఎస్‌సీడీ, అర్జెంటీనాలో సదాయిక్, కొలంబియాలో సాయ్‌కో. అమెరికాలో అయితే ఆస్కాప్ లేదా బీఎంఐ, ఏదో ఒకదాంట్లోనే చేరాలి. ఇవి పాట రేడియోలో, టీవీలో, కచేరీలో, స్ట్రీమింగ్‌లో వినిపించినందుకు రచయితకి వచ్చే డబ్బు వసూలు చేస్తాయి. అమెరికాలో స్ట్రీమింగ్ వల్ల వచ్చే మెకానికల్ రాయల్టీ (పాట ప్రతి చేసినందుకు రచయితకి వచ్చే డబ్బు) మాత్రం 2021 జనవరి నుంచి ఎంఎల్‌సీ అనే ఇంకో సంస్థ పంచుతోంది, అక్కడ విడిగా చేరాలి, ఆస్కాప్‌లో ఉన్నాను కదా అని వదిలేస్తే ఆ ముక్క పోయినట్టే.

ఇక సౌండ్‌ఎక్స్చేంజ్. ఇది అమెరికాలో ఇంటర్నెట్ రేడియో, శాటిలైట్ రేడియోల నుంచి మాస్టర్ తాలూకు డబ్బు వసూలు చేస్తుంది. వచ్చినదాంట్లో 50 శాతం మాస్టర్ యజమానికి, 45 శాతం ప్రధాన గాయకులకి, 5 శాతం వెనక వాయించినవాళ్ల నిధికి. ఇప్పుడు లెక్క చూడండి: మాస్టర్ మీదే అయితే 95 శాతం మీకే వస్తుంది, కానీ యజమానిగా ఒకసారి, గాయనిగా ఒకసారి రెండు రకాలుగానూ నమోదు చేసుకుంటేనే. హక్కు మీ దగ్గర ఉంచుకోండి అని పైన అన్నది గాలిలో మాట కాదు, ఇక్కడే అంకెల్లో కనిపిస్తుంది.

మెక్సికోలో పాటని ఇన్‌దౌతోర్ అనే ప్రభుత్వ కాపీరైట్ కార్యాలయంలో రిజిస్టర్ చేయించుకోవచ్చు. పాట రాయగానే హక్కు ఎలాగూ మీదే, కానీ రేపు గొడవ వస్తే తేదీ వేసి ఉన్న సర్టిఫికెట్ పనికొస్తుంది. అమెరికా బయట ఉండి అమెరికా కంపెనీల నుంచి రాయల్టీ తీసుకునేవాళ్లు డబ్ల్యూ-8బెన్ ఫారం తప్పకుండా నింపాలి. అది లేకపోతే 30 శాతం అక్కడే పన్నుగా కోసేస్తారు, మెక్సికోతో ఉన్న పన్ను ఒప్పందం ప్రకారం అదే పాట రాయల్టీ మీద 10 శాతం. పావుగంట పని, ఏళ్ల తరబడి డబ్బు మిగులుతుంది.

పాట బయటికి వదలడం

పేరు ముందు వెతుక్కోండి. ‘లూనా’ లాంటి మామూలు మాట పెట్టుకుంటే అదే పేరుతో ఎందరో ఉంటారు, మీ పాట వాళ్ల పేజీలోకో, వాళ్లది మీ పేజీలోకో వెళ్లి కూర్చుంటుంది. పేరులో యాక్సెంట్ గుర్తు ఉంటే అన్ని చోట్లా అదే గుర్తుతో రాయండి, డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఒకలా, సంఘంలో ఒకలా ఉంటే లెక్కలు కలవవు.

డిస్ట్రిబ్యూటర్లలో డిస్ట్రోకిడ్ ఏడాదికి ఇంత అని తీసుకుని రాయల్టీలో వాటా తీసుకోదు, సీడీ బేబీ ఒక్కో విడుదలకి ఒకసారి తీసుకుని తర్వాత 9 శాతం పట్టుకుంటుంది, వన్‌ఆర్‌పీఎంకి బ్రెజిల్‌లో, మిగతా లాటిన్ అమెరికాలో బలం ఎక్కువ. పాటలు తరచుగా వదిలేవాళ్లకి ఏడాది చందా నయం. ఏడాదికొకటి వదిలి, చందా కట్టడం మరిచిపోయేవాళ్లకి రెండోది నయం, ఎందుకంటే చందా ఆగితే పాటలు తీసేసే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. మిక్స్ సిద్ధమైంది కదా అని రేపే వదిలేయకండి. 2015 జులై నుంచి ప్రపంచమంతా కొత్త పాటలు శుక్రవారమే వస్తున్నాయి, ఆ శుక్రవారానికి కనీసం నాలుగు వారాల ముందు అప్‌లోడ్ చేయండి. ప్లేలిస్టులు కట్టే స్పాటిఫై ఎడిటర్లకి మీరే పాట పంపుకునే ఏర్పాటు ఉంది. విడుదలకి 7 రోజుల ముందైనా పంపితే ఎడిటర్లు తీసుకోకపోయినా మీ ఫాలోయర్ల రిలీజ్ రాడార్‌లో, అంటే వాళ్లకి వచ్చే కొత్త పాటల ప్లేలిస్టులో, ఆ పాట పడుతుంది. వదిలేశాక పంపడం కుదరదు. రాసేటప్పుడు ‘మనసుని తాకే పాట’ అని రాయకండి. ఏ వాయిద్యాలు, ఏ ఊరు, ఏ శైలి మీద ఏ శైలి కలిపారు, వీడియో ఎప్పుడు, ఆ నెల కచేరీలు ఎక్కడ అన్నవి రాయండి, వాళ్లకి కావాల్సింది అవే.

2024 నుంచి స్పాటిఫైలో ఒక పాట ఏడాదిలో 1,000 సార్లు వినిపించకపోతే దానికి మాస్టర్ డబ్బు రాదు. కాబట్టి సగం ఉడికిన పది పాటలు వదలడం కన్నా బలమైన మూడు వదిలి ఒక్కోదాని వెనక రెండు నెలలు తిరగడం మేలు. డబ్బులు తీసుకుని ప్లేలిస్టుల్లో పెడతామని మెసేజ్‌లు పెట్టేవాళ్లని దగ్గరికి రానీయకండి, దొంగ స్ట్రీమ్స్ అని తేలితే పాటే తీసేస్తారు, డిస్ట్రిబ్యూటర్‌కి జరిమానా పడుతుంది, అది మీ మీదికే వస్తుంది.

మీ శ్రోతలు ఏ ఊళ్లో ఉన్నారో స్పాటిఫై ఆర్టిస్ట్ యాప్‌లో ప్రతి వారం చూడండి. స్పానిష్‌లో పాడేవాళ్లకి తరచుగా పైన మెక్సికో సిటీ కనిపిస్తుంది, 2018లో స్పాటిఫై ఆ ఊరిని ప్రపంచ స్ట్రీమింగ్ రాజధాని అంది. అయితే మెక్సికోలో చందా అమెరికా కన్నా చౌక, కాబట్టి అక్కడి వెయ్యి స్ట్రీమ్స్‌కీ షికాగో వెయ్యి స్ట్రీమ్స్‌కీ ఒకే డబ్బు రాదు. పెద్ద అంకె చూసి పొంగిపోయి ఇంటద్దె లెక్క వేసుకోకండి. టికెట్లు ఎక్కడ అమ్ముడవుతాయో చెప్పడానికి మాత్రం ఆ అంకె చాలా మంచిది.

స్టేజి

మెక్సికో సిటీలో నిచ్చెన దాదాపు కళ్లకి కట్టినట్టు ఉంటుంది. రోమా నోర్తే పేటలోని ఫోరో ఇండీ రాక్స్ లాంటి కొన్ని వందల మంది పట్టే చోటుతో మొదలై, వెయ్యి మంది దాకా పట్టే లునారియో, మూడు వేల చిల్లర పట్టే మెత్రోపోలితాన్ థియేటర్, ఆపైన పది వేలకి దగ్గరగా ఔదితోరియో నసియొనాల్. ఒక మెట్టు నిండాకే పైదానికి వెళ్లండి. మూడు వందల మంది కిక్కిరిసిన చిన్న హాలు వీడియో మీకు పై హాలు ఇప్పిస్తుంది, సగం ఖాళీగా ఉన్న పెద్ద హాలు ఏమీ ఇప్పించదు.

పాడిన డబ్బు చేతికి రావాలంటే మెక్సికోలో ఫాక్తూరా, అంటే పన్ను శాఖ ఒప్పుకునే ఎలక్ట్రానిక్ బిల్లు, ఇవ్వాల్సి ఉంటుంది. దానికి ఆర్‌ఎఫ్‌సీ అనే పన్ను నంబరు కావాలి. ఏడాదికి 35 లక్షల పెసోల లోపు సంపాదించే వ్యక్తులకి 2022లో రెసికో అని ఒక సులువైన పద్ధతి పెట్టారు, అందులో ఆదాయపు పన్ను 1 నుంచి 2.5 శాతమే. కార్యక్రమం అయిపోయి ఫాక్తూరా ఇవ్వలేక డబ్బు నెలల తరబడి ఆగిపోతే ఆ టెన్షన్‌లో కొత్త పాట రాయడం ఎవరి తరమూ కాదు, కాబట్టి మొదటి కచేరీకి ముందే అకౌంటెంట్‌ని కలవండి.

మెక్సికో సిటీలో 1998 నుంచి జరుగుతున్న వీవే లాతినో, 2010 నుంచి బొగోటాలో ఎస్తెరియో పిక్నిక్ లాంటి పెద్ద ఫెస్టివల్స్ అందరి కల. వాటిలోకి అడుగు చాలాసార్లు సంగీత సంతల నుంచి పడుతుంది: గ్వాదలహారాలో ఫిమ్‌ప్రో, మెదెయిన్‌లో సిర్కులార్త్, న్యూయార్క్‌లో 2000 నుంచి లాటిన్ ఆల్టర్నేటివ్ మ్యూజిక్ కాన్ఫరెన్స్. అక్కడ బుకింగ్ చేసేవాళ్లు పదిహేను నిమిషాల పాటలు విని నిర్ణయానికి వస్తారు, కాబట్టి ఆ పదిహేను నిమిషాల సెట్ విడిగా రిహార్సల్ చేయండి, గంట సెట్‌లోంచి ముక్క కోసుకుని వెళ్లకండి. ఆడవాళ్లకి ఫెస్టివల్ పోస్టర్ల మీద చోటు ఎంత తక్కువో చెప్పాలంటే చిలీ గాయని ఫ్రాన్సిస్కా వలెన్సువేలా పని చెప్పాలి. తన పాటలు తన ఫ్రాంటాస్టిక్ రికార్డ్స్ మీదే వదులుకుంటూ, 2016లో రుయిదోసా అనే వేదిక మొదలుపెట్టి, లాటిన్ అమెరికా ఫెస్టివల్స్‌లో ఆడవాళ్లు ఎంతమందో లెక్క తీయించింది. ఆ లెక్క పట్టుకుని నిర్వాహకులని అడగొచ్చు, అడగండి.

అమెరికాలో టికెట్ పెట్టి పాడాలంటే టూరిస్ట్ వీసా పనికిరాదు. కళాకారులకిచ్చే ఓ-1 వీసా గానీ పీ తరహా వీసా గానీ కావాలి, అది మీ అంతట మీరు పెట్టుకోలేరు, అమెరికాలో ఉన్న ఏజెంటో ప్రమోటరో మీ తరఫున పెట్టాలి. 2024 ఏప్రిల్‌లో ఆ పిటిషన్ ఫీజు 460 డాలర్ల నుంచి వెయ్యి దాటింది, చిన్న సంస్థలకైతే ఐదు వందల చిల్లర. లాయరు ఖర్చు వేరే. కాబట్టి ఒక్క కచేరీకి వెళ్లకండి, లాస్ ఏంజెలెస్, శాన్ ఆంటోనియో, షికాగో, న్యూయార్క్ కలిపి ఒక వరసగా వేసుకుంటేనే గిట్టుబాటు. టీషర్టులు, వినైల్ రికార్డులు పట్టుకెళ్లండి, కానీ వాటి అమ్మకంలో హాలువాళ్లు వాటా అడుగుతారేమో ఒప్పందంలో ముందే చదవండి.

అవార్డుల గురించి ఒక మాట. లాటిన్ గ్రామీలో ‘ఉత్తమ కొత్త కళాకారులు’ అంటే పాతికేళ్ల లోపువాళ్లకే అనుకోకండి. 2022లో సిల్వానా ఎస్త్రాదాతో సమానంగా ఆ అవార్డు పంచుకున్న ఆంజెలా ఆల్వరెస్‌కి అప్పటికి 95 ఏళ్లు. గ్వాటెమాలా నుంచి లాస్ ఏంజెలెస్ వచ్చిన గాబీ మొరేనోకి అదే అవార్డు 2013లో వచ్చింది, అప్పటికే ఆమె ఆల్బమ్‌లు ఉన్నాయి, ఒక అమెరికన్ కామెడీ సీరియల్ టైటిల్ మ్యూజిక్‌కి సహరచయిత కూడా. ఆ తరహా పని చులకనగా చూడకండి. టీవీలో ఎపిసోడ్ వచ్చిన ప్రతిసారీ రచయిత ఖాతాలో ఎంతో కొంత పడుతుంది.

లేబుల్ ఫోన్ చేసినప్పుడు

పాట కాస్త పైకి వచ్చాక ఎవరో ఒకరు అడుగుతారు. వెళ్లడం తప్పేం కాదు, కూకో 2019లో ఇంటర్‌స్కోప్ అనే పెద్ద లేబుల్‌కి వెళ్లాడు, కానీ శ్రోతలని తన వెంట పెట్టుకుని వెళ్లాడు, బేరం ఆడే బలం అక్కడి నుంచి వస్తుంది. మీరు ముందు అడగాల్సింది అడ్వాన్స్ ఎంత అని కాదు. మాస్టర్ అమ్మమంటున్నారా, కొన్నేళ్లకి లైసెన్స్ ఇమ్మంటున్నారా? లైసెన్స్ అయితే ఏ తేదీకి హక్కు తిరిగి మీ చేతికి వస్తుంది? పాత పాటలు కూడా ఇందులో కలిపారా? కచేరీల్లో, టీషర్టుల్లో కూడా వాటా అడుగుతున్నారా? అడ్వాన్స్ అంటే మీ రాయల్టీలోంచే తిరిగి పట్టుకునే డబ్బు, వీడియో ఖర్చు, ప్రచారం ఖర్చు కూడా అందులోకే వేస్తే మీకు చిల్లిగవ్వ రావడానికి ఏళ్లు పట్టొచ్చు, కాబట్టి ఏ ఖర్చులు పట్టుకుంటారో జాబితా రాయించుకోండి. లాయరు సంగీత ఒప్పందాలు చూసినవాళ్లై ఉండాలి, లేబుల్‌వాళ్లు చూపించిన లాయరు అయి ఉండకూడదు. ఈ వారమే సంతకం చేయాలని తొందరపెడితే, ఒప్పందం స్పానిష్ ప్రతీ ఇంగ్లిష్ ప్రతీ రెండూ తెప్పించుకుని, తేడా వస్తే ఏది చెల్లుతుందని రాశారో చూశాకే పెన్ను తీయండి.